తిరిగే గది

పెద్ద డాక్టరు కేసు కాగితం మీద ‘నాటకం ఆడుతున్నాడు’ అని రాసి పెన్నుకి మూత పెట్టబోతుంటే, రోగి అక్క అడ్డం వచ్చింది.

“ఆ మాట కొట్టెయ్యండి సారూ.”

ఆమె తమ్ముడు మంచం మీద కళ్లు మూసుకుని పడున్నాడు. మూడో అంతస్తుకి రంగులేస్తూ పరంజా మీంచి పడ్డాడు. విరిగిన మెడకి లోపల పలకలు వేసి బిగించారు. ఛాతీ కింద కదలిక లేదు. మూడు వారాల్లో చక్రాల కుర్చీలో గంటసేపు కూర్చోలేనివాళ్లు మంచం ఖాళీ చెయ్యాలని ఆ వార్డు నియమం. ఆ గడువు ఈ రోజుతో సరి. తీరా లేపుదామని కుడిపక్కకి ఒత్తిగిలిస్తే, గది గిర్రున తిరుగుతోందని వాంతి చేసుకున్నాడు. రోజూ ఇదే వరస.

డాక్టరు మొదట బీపీ పడిపోతోందన్నాడు. కొలిస్తే బీపీ నిక్షేపంగా ఉంది. సరే, భయం అన్నాడు. ఇవాళ నాటకం దాకా వచ్చాడు.

అక్కకి ఒళ్లు భగ్గుమంది. “పని ఎగ్గొట్టడానికి సాకులు చెప్పే రకం కాదు మావాడు. మనిషి నోరు తెరిచి బాధ చెప్పుకుంటే నాటకం అనడానికి మీకు మనసెలా ఒప్పింది?”

పరంజాలెక్కి తిరిగేవాడికి మెత్తటి పరుపు మీద కళ్లు తిరుగుతాయా తల్లీ అని డాక్టరు నవ్వాడు.

“నేను బట్టలు కుట్టేదాన్ని. సూది కదులుతుంటే చూపు పక్కకి పోదు నాకు. వీణ్ణి కుడికి తిప్పగానే కనుగుడ్లు మిషను సూదిలా టకటకా కొట్టుకుంటాయి. అరనిమిషానికి ఆగుతాయి. అది కూడా నటనేనా? ఏదీ, మీరు ఆడించండి చూద్దాం.”

అప్పటిదాకా గోడవారన నిలబడ్డ కొత్త ఫిజియో అమ్మాయి గబగబా వచ్చి, అతన్ని ఒత్తిగిలించి రెప్పలెత్తి చూసింది. చెవి లోపల ఇసుక లాంటి రేణువులుంటాయనీ, అవి చోటు తప్పితే తల కదిలినప్పుడల్లా లోకం తిరుగుతుందనీ, తలకి అదురు తగిలినవాళ్లకి ఇది మామూలేననీ చెప్పింది. తల వెనక్కి వాల్చి, పక్కలకి తిప్పితే రేణువులు మళ్లీ చోటికి చేరతాయట.

“బిగించిన మెడ అది. ఎలా తిప్పుతావు?” అన్నాడు డాక్టరు.

“మెడ తిప్పను సార్. మనిషినే తిప్పుతాను.”

అతన్ని బల్లకి పట్టీలతో బిగించారు. తలవైపు కిందికి దించారు. నలుగురు పట్టుకుని, తలా ఒళ్లూ ఒక్కటిగా, దుంగని దొర్లించినట్టు మెల్లగా దొర్లించారు. అక్క తల దగ్గర కూర్చుని అతని కళ్లనే చూస్తూ “ఆగాయి” అన్నాకే తర్వాతి మలుపు. రెండో విడతకి కనుగుడ్లు కదల్లేదు.

సాయంత్రం అతను కుర్చీలో గంట దాటి మరో పది నిమిషాలు కూర్చున్నాడు. డాక్టరు మొహం గంటు పెట్టుకుని ఆ మాట కొట్టేశాడు. అక్కకి ఇంకా చల్లారలేదు. తోటి మనిషి బాధ నమ్మడానికి చదువక్కర్లేదనీ, కాస్త కళ్లలోకి చూస్తే చాలనీ, వార్డంతా వినేలా ఆయన్ని కడిగిపారేసింది. పక్క మంచాలవాళ్లు భేషన్నారు.

ఫిజియో అమ్మాయి కాగితం నింపుతూ, “ఈ తిరుగుడు పడ్డ రోజు నుంచేనా?” అని అడిగింది.

“కాదు మేడం, పడకముందే ఉంది,” అన్నాడతను. మెడ తిరగదు కనుక చూపు మాత్రమే అక్క వైపు తిప్పి, ఏ కోపమూ లేకుండా గుర్తుచేశాడు.

“ఆ రోజు పొద్దున మంచం మీంచి లేస్తూ గది తిరుగుతోందన్నాను కదక్కా. నాటకాలాపి పనికి పొమ్మన్నావు.”