వేరే కంచం

నా పేరు గాజెంగి నర్సవ్వ, డెబ్బై దాటినయ్. వేములవాడల నేను, కొడుకు దశరథం, కోడలు ఒక్కింట్ల ఉంటం. పెద్దమనుషులూ, నా ఫిర్యాదు నా కొడుకు మీదనే.

నా మనుమరాలు పట్నంల ల్యాబుల కేన్సర్ కణం ఎట్ల నడుస్తదో చూస్తది. ఎంటికె కన్న సన్నటి గాజుసందులు చేసి, కణాన్ని అండ్ల ఇడుస్తరు. ఇంట్ల కేన్సర్ గడ్డ ఉన్నది గద, జర సమజైతదని తండ్రికి ఫోన్ల వీడియో చూపెట్టింది. గా కణం ముడుసుకొని సందుల దూరి అవుతల తేలింది.

గంతే, వీడు పరేషాన్. వేరే కంచం, వేరే చెంబు, అరుగు మీద మంచం.

"బాపూ, అది మనిషికెళ్లి మనిషికి అంటదు" అన్నది పిల్ల.

"నీకేం ఎరుక బిడ్డా, నేను కండ్లార సూసిన!" అన్నడు, వీడియో తీసిన పిల్లతోనే.

నా మీద జాలి పడకుండ్రి. గడ్డ నాది కాదు, కోడలిది. మందు ఎక్కిచ్చుకొని వచ్చిననాడు ఒక్కతే కూసుంటే ఆమెకు బువ్వ దిగదు. అందుకే పోయి ఆమె కంచంలనే తిన్న. ఇగ నన్ను గూడ లోపటికి రానిస్తలేడు.

ఇల్లు నా పేరు మీదున్నది. మేమిద్దరం లోపట పంటం. భయమైనోణ్ణే బయటికి పంపుండ్రి.

నేను చెప్తుంటే మనుమరాలు రాసింది. ఏలు నేనే ఒత్తిన.

సాక్షులు: కోడలు తిరుమల, పక్కింటి అజీజా.