నోరు లేని గడ్డిబొమ్మ

మంగతాయారు రెండేళ్ళ కోడిపెట్ట. ఏ గింజనైనా కాలితో దొర్లించి చూశాకే తింటుంది. అడవిలోని ముసలి జంతువుల ఆశ్రమంలో ఆమెకు సేవిక ఉద్యోగం వచ్చింది. పనిలోకి దిగేముందు కొత్త పెట్టలకు శిక్షణ ఉంటుంది. కొంగ మాస్టారు గడ్డితో చేసిన తోడేలు బొమ్మను పడుకోబెట్టి, ఒళ్ళు తుడవడం, పక్కకు తిప్పడం నేర్పుతున్నాడు.

“మాస్టారూ, ఈ బొమ్మకు నోరు పెట్టలేదే?” అంది మంగతాయారు.

“నోటితో నీకేం పనమ్మా?”

“మరి గంజి ఎటునుంచి తాగించాలి?”

పెట్టలు కిసుక్కుమన్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ పాత సేవిక పిచ్చమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మెడ మీద ఈకలు లేవు. పంటిగాట్లున్నాయి.

“అత్తా, ఆ గాట్లేమిటి?”

పిచ్చమ్మ కొంగ వైపు చూసి తల దించుకుంది. కొంగే జవాబిచ్చాడు.

“ఇక్కడుండే తోడేలుగారు పెద్దాయన. చూపు ఆనదు. పొరపాటున నోరు తగిలితే సర్దుకుపోవాలి. సేవ అంటే ఓర్పు. అది ఆడవాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది.”

“చూపు ఆనని ఆయనకు ప్రతిసారీ మెడే ఎలా దొరుకుతోంది? రేపు ముందు మీరు తుడిచి చూపించండి.”

“నాది నేర్పే పనమ్మా! ఆ గదిలోకి సేవికలు ఒక్కొక్కరే వెళ్ళాలి. అది ఇక్కడి పద్ధతి,” అన్నాడు కొంగ, రెక్కలు దగ్గరికి లాక్కుంటూ.

మర్నాడు మంగతాయారు పిచ్చమ్మనూ కొత్త పెట్టలన్నిటినీ వెంటబెట్టుకుని తోడేలు గదిలోకి వెళ్ళింది. ఒళ్ళు శుభ్రంగా తుడిచింది. ఒక్కతే వెళ్ళడానికి ఆ తర్వాత ఏ రోజూ ఒప్పుకోలేదు.