తెల్లదీపం ఇల్లు

మా వీధిలో ప్రతి గుమ్మం మీదా ఒక దీపం ఉంటుంది. ఇంట్లో మాటలు విని, మనది ఊదా పార్టీయో ఎర్ర పార్టీయో రంగుతో చూపిస్తుంది. అందుకే పొద్దున్నే పాలు కాగేలోపు అందరూ తమ పార్టీని గట్టిగా పొగుడుతారు.

మా ఆయన వార్డు మెంబరు. నిన్న భోజనాల దగ్గర, నీళ్ల గొడవలో రెండు పార్టీల మాటలోనూ న్యాయముంది అన్నారు. దీపం తెల్లబడింది.

ఇవాళ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే వీధి రెండు కొసల నుంచీ కేకలు వినిపించాయి.

"ఏదో ఒక పార్టీని పొగడండి, మీకు దణ్ణం పెడతాను," అన్నాను.

"భయపడి రంగు మారిస్తే నేనేం నాయకుణ్ణే?" అంటూ తలుపు తీశారు.

ఏడాదిగా ఆయన కలపాలని చూస్తున్న రెండు గుంపులూ రాళ్లు పట్టుకుని, మా గడప ముందు భుజం భుజం కలిపి నిలబడి ఉన్నాయి.