కళ్లు తెరిచిన బొమ్మ

"ఇప్పుడు చెప్పు పెద్దాయనా, ఈ బొమ్మ ఎప్పటిది?"

పెద్దాయన ఎడమచేతి చిటికెనవేలు సుత్తి కింద నలిగిపోయింది. చెయ్యి కడుపులో దాచుకుని కుర్చీలో ముడుచుకుపోయాడు.

"కొత్తదేనని చెప్పాను గదా నాయనా... ఆ హత్య కథ ఎవరో విని గీసుంటారు..."

"ఇంకా తొమ్మిదున్నాయి. కుడిచేతి జోలికి మాత్రం ఆఖర్న వస్తాను. దాంతో రాసిచ్చే పనుంది."

సుత్తి పట్టుకున్నవాడు వడ్రంగి. నలభై దాటాయి. లోపలికి రాగానే కొట్టు తలుపు తనే మూసి గడియ పెట్టాడు. పాత కాగితాల వయసు చెప్పడంలో ఆ ఊరికంతా పెద్దాయన ఒక్కడే. దస్తావేజు అసలుదో దొంగదో తేల్చుకోవాలంటే వకీళ్లు కూడా ఆయన గుమ్మమే తొక్కాలి.

బల్ల మీదున్నది అరచేతి వెడల్పు పెన్సిల్ బొమ్మ. కుర్చీలో పక్కకి ఒరిగిపోయిన మనిషి, పగిలిన కణత, మెడ దాకా కారిన రక్తం. కళ్లు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి. సంతకం లేదు. వడ్రంగి రెండు రోజుల కిందట పాత సామాన్ల కొట్లో ఒక అద్దం కొన్నాడు. కొత్త చట్రం వేద్దామని వెనక చెక్క ఊడదీస్తే ఈ కాగితం జారిపడింది. అద్దం ఎవరింటిదో చెప్పమని కొట్టువాణ్ణి రెండు పళ్లు రాలేలా కొట్టాడు. పాపం, వాడికి నిజంగానే తెలియదు.

"అందులో ఉన్నది మా నాన్న," అన్నాడు వడ్రంగి. "నాకప్పుడు పదేళ్లు. బడి నుంచి వచ్చేసరికి ఇలాగే ఉన్నాడు. ఆ కళ్లు చూడలేక నా చేత్తో మూశాను. తర్వాతే జనం వచ్చారు. ఆ సంగతి మా అమ్మక్కూడా చెప్పలేదు. మరి తెరిచున్నాయని ఈ గీసినవాడికెలా తెలిసింది?"

పెద్దాయన బొమ్మ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"అమ్మే చంపిందన్నారు. మొగుణ్ణి తిన్నదన్న పేరుతోనే జైల్లో రక్తం కక్కుకుని పోయింది. నన్ను మా మేనమామ పెంచాడు." సుత్తి మళ్లీ లేచింది. "చెప్తావా?"

"ఉండు, ఉండు!" పెద్దాయన కాగితాన్ని కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టాడు. "లోపల తామరమొగ్గ గుర్తు కనిపిస్తోందా? మీ నాన్న రాతి అచ్చు ప్రెస్సుకి ఈ కాగితం అమ్మింది నేనే. ఆయన పోయిన ఏడాదే ఈ గుర్తు కాగితం చేసే మిల్లు మూతపడింది. ఇదిగో, మడత పసుపెక్కింది. మడత దగ్గర గీత కూడా చిట్లింది. అంటే గీశాకే మడిచారు. ఇది ఆ రోజులదే."

"మరి నాన్నకి దెబ్బ తగిలింది కుడి కణత మీద. ఇందులో ఎడమ కణత. గడియారం కూడా అటుది ఇటొచ్చింది. అంతా ఎందుకు తిరగబడింది?"

పెద్దాయన పెదాలు తడుపుకున్నాడు.

"రాతి మీద అక్షరం తిరగేసి రాస్తేనే కాగితం మీద సూటిగా పడుతుంది నాయనా. ఏళ్ల తరబడి అలా రాసినవాడు మామూలప్పుడు మనలాగే రాస్తాడు, గీస్తాడు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం చెయ్యి పాత దారే పడుతుంది. వాడికి తెలియను కూడా తెలియదు."

"చంపినవాడు బొమ్మెందుకు గీసుకున్నాడు?"

"చూసింది గీస్తేగాని కొందరికి నిద్ర పట్టదు. మీ నాన్న నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు. ప్రెస్సులో ఆయన చెప్పుదెబ్బ తిననివాడు లేడు."

"వాడెవడు?"

"రాళ్లాయన అనేవాళ్లం. పిండిమర వెనక గదిలో ఒక్కడే ఉంటాడు." ఈ మాట చెప్పడానికి పెద్దాయన క్షణం కూడా తడుముకోలేదు.

"నువ్వు చెప్పిందంతా కాగితం మీద పెట్టు. పోలీసులకి చూపించాలి. మా అమ్మ పేరు కడగాలి."

పెద్దాయన ఒక్కో మాటా పైకి చదువుతూ రాశాడు. చెమట కాగితం మీద బొట్లు బొట్లుగా పడింది. బల్లకి ఇవతల నిలబడ్డ వడ్రంగి ఆయన చెయ్యి పారిపోకుండా చూశాడే గాని రాత చూడలేదు. రాయడం అయ్యాక పెద్దాయనే నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. వడ్రంగి దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

పిండిమర వెనక తలుపు ఒక్క తన్నుకే ఊడింది. మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్న ముసలివాడు ఉలిక్కిపడి లేచాడు.

"రాళ్లాయన నువ్వేనా?"

"నేనే బాబూ. తమరు?"

మొదటి దెబ్బకి మోకాలు చితికింది. ముసలివాడు నేల మీద పడి గిలగిల్లాడాడు.

"మా నాన్న కళ్లు తెరుచుకునే పోయాడు కదూ?"

"ఎవరి నాన్న బాబూ? నేను ప్రెస్సులో రాళ్లు నూరేవాణ్ణి! ఇసకేసి నున్నగా నూరడమే నా పని. బొమ్మలా? నాకు సంతకమే రాదు, వేలిముద్ర వేస్తాను!"

"దొరికిన దొంగ ఏడుపు ఇలాగే ఉంటుంది."

రెండో దెబ్బ అడ్డం పెట్టిన చేతిని విరిచింది.

"రాళ్ల మీద రాసేవాడు వేరే ఉండేవాడు బాబూ! ఆయన పేరు..."

మూడో దెబ్బ కుడి కణత మీద పడింది. నాన్నకి తగిలిన చోటే. ముసలివాడి కళ్లు తెరుచుకునే ఉండిపోయాయి. మూయడానికి చెయ్యి చాచిన వడ్రంగి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

ముప్పై ఏళ్ల బరువు దిగిపోయినట్టనిపించి అతనికి ఏడుపొచ్చింది. గోడకి చేరబడి, చేతులు లాగుకి తుడుచుకుని, జేబులోంచి కాగితం తీశాడు. పోలీసుల కంటే ముందు అమ్మకి చదివి వినిపించాలి.

"విను అమ్మా," అంటూ మడతలు విప్పాడు.

అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.