నాన్న చేతి గడియారం

"దాచి ఉంచానన్నారుగా, ఆ పాత మెషీనే మళ్లీ బిగించండి బాబాయ్," అంటూ అతను గడియారాన్ని కొట్లో అద్దాల బల్ల మీద పెట్టాడు.

గడియారాల మెకానిక్ దాన్ని గోడ గడియారంతో పోల్చి చూశాడు. "టైం సరిగ్గానే ఉందిగా. ఇప్పుడెందుకు?"

"అమ్మ మొహం చూడలేకపోతున్నాను."

బల్బు మార్చడానికి నిచ్చెనెక్కుతూ నాన్న పట్టుకోమన్నాడు. ఫోను మోగిందని ఇతను వదిలేశాడు. తలకు దెబ్బ తగిలి నాన్నకు మాట పోయింది, ఎడమ చెయ్యి పడిపోయింది. ఆ చెయ్యి ఇక లేవదని డాక్టరు తేల్చేశాడు. దానికున్న గడియారమూ ఆగిపోయింది. చెయ్యి ఆడితేనే ఆడే గడియారమని అమ్మకు తెలుసు. ఆ పూట నుంచి ఆవిడ అన్నం ముట్టలేదు. అప్పుడు అతను మొదటిసారి ఈ కొట్టుకొచ్చాడు.

ఆ రోజు మెకానిక్ ట్రేలోంచి ఒక్కోటీ తీసి చూపించాడు. "ఇది కీ ఇచ్చేది, రోజూ వేళ్లతో తిప్పాలి. ఇది క్వార్ట్జ్, బ్యాటరీ ఉంటే చాలు, మేకుకు తగిలించినా నడుస్తుంది. ఈ అంకెలదానికైతే లోపల తిరిగే చక్రమే లేదు. మీ నాన్నగారిది ఆటోమేటిక్. చెయ్యి కదిలితేనే స్ప్రింగు చుట్టుకుంటుంది. లేదంటే రెండు రోజుల్లో ఆగిపోతుంది."

"అయితే దాంట్లో క్వార్ట్జ్ పెట్టేయండి."

సెకన్ల ముల్లు ఎప్పుడో ఊడిపోయిన గడియారం. ముల్లు క్వార్ట్జ్‌లా గెంతుతోందా, ఆటోమేటిక్‌లా జారుతోందా అని చూసి పోల్చుకునే వీల్లేదు.

మర్నాడు తెచ్చి నాన్న చేతికి కట్టాడు. నెలైంది, ఆగలేదు. అమ్మ తిండి తింటోంది. "డాక్టరుకేం తెలుసు? రాత్రిళ్లు కదుపుతున్నారు," అంటోంది. చేతికి వ్యాయామం చేయించేటప్పుడు గడియారం విప్పి పక్కన పెడుతుంది. మనం కదిపితే నడవకూడదట, ఆయన కదిపితేనే నడవాలట. ఆ నిజాయితీ ముందు ఇతను తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేకపోతున్నాడు. నిచ్చెన వదిలిన పాపం చాలనట్టు ఇదొకటి.

"పొద్దున నాన్న చెయ్యి పట్టుకుని, 'నేను చూస్తుండగా ఒక్కసారి కదపండీ' అని బతిమాలుతోంది బాబాయ్. ఇక నావల్ల కాదు. ఆగిపోతే ఆగిపోనీ. నేనే మోసం చేశానని చెప్పేస్తాను."

మెకానిక్ తల వంచుకున్నాడు.

"నీకిచ్చిన మాట నేనూ నిలబెట్టుకోలేదు బాబూ. సరేనన్నానే గానీ, ఆవిడని మోసం చెయ్యడానికి చేతులాడలేదు. రెండ్రోజుల్లో గొడవకొస్తావనుకున్నా. ఎందుకు రాలేదా అని ఇవాళ్టికీ ఆలోచిస్తూనే ఉన్నా."

గడియారం వెనక మూత తిప్పి తీసి, దాన్ని దీపం కిందికి జరిపాడు.

లోపల బ్యాటరీ లేదు.