మరిడమ్మ కొడుకు

"నువ్వొక్కడివే వెళ్లు. వెళ్లి 'అమ్మా' అని పిలువు. చాలు," అంది పద్మకుమారి.

ఎల్లాజీ కదల్లేదు. వ్యాను తలుపు పట్టుకుని రోడ్డుకి అవతల మూతపడిన చెప్పుల షాపు వైపు చూస్తున్నాడు. దాని మెట్ల మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంది మరిడమ్మ.

"కొడుకునని అబద్ధం సెప్పలేనండి మేడం. పది రోజులు టైమియ్యండి, బతిమాలి తీసుకొత్తాను."

"పది రోజులు ఆ కాలు ఉంటుందా? పుండుకి పురుగు పట్టింది."

శ్రీకాకుళం బస్టాండు ఎదురుగా ఆ మెట్ల మీద నాలుగేళ్లుగా ఉంటోంది మరిడమ్మ. ఊళ్లోని నిరాశ్రయుల వసతి గృహానికి పద్మకుమారి మేనేజరు. ఎన్నిసార్లు వచ్చి పిలిచినా ముసలామెది ఒకటే జవాబు.

"నా కొడుకు శివాజీ ఇక్కడే కూకోమన్నాడు. ఆడొచ్చి పిలిత్తేనే వత్తాను."

కాలికి కట్టు కడతామన్నా అదే మాట. కొడుకొచ్చాక చూపించుకుంటానంటుంది.

పోయిన వారం మున్సిపల్ ఆఫీసులో ఈ విషయం మీదే పెద్ద రభస జరిగింది. ఆ చెప్పుల షాపు పక్క టిఫిను హోటలు గణపతిరావు అర్జీ తెచ్చాడు. ముసలామె తన హోటలుకొచ్చిన మనిషి మీద వేడి టీ పోసిందని, ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. యూనివర్సిటీలో లా చెప్పే హరిచరణ్ ఎచ్చెర్ల నుంచి పని మానుకుని ఆమె తరఫున వచ్చాడు.

"ఆ మనిషి ఆవిడ సంచి లాగాడు, అందుకని పోసింది. రానని చెబుతున్న మనిషిని ఎత్తుకెళ్లడానికి మనమెవరం?" అన్నాడు.

"కాలు కుళ్లిపోతున్నా రానంటోంది సార్. ఆ మాటంటున్నది ఆవిడో, ఆవిడ జబ్బో ఎవరికి తెలుసు?" అంది పద్మకుమారి.

"తెలుసుకోండి. డాక్టర్నే ఆ మెట్ల మీదికి పంపించండి."

పద్మకుమారి తన రిజిస్టరు తెరిచి చూపించింది. "ఆ రోడ్డు మీద తమకెవరూ లేరన్న వాళ్లందర్నీ నిరుడే తీసుకెళ్లిపోయాం. కొడుకున్నాడంది కాబట్టే ఈవిణ్ణి వదిలాం. ఏడీ ఆ కొడుకు?"

నిన్న మేజిస్ట్రేటు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. విశాఖ తీసుకెళ్లి మానసిక పరీక్షలు చేయించమని. వసతి గృహంలో సహాయకుడిగా ఎల్లాజీ విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిందీ నిన్ననే. వయసు నలభై. మరిడమ్మ అతన్ని ఎప్పుడూ చూడలేదు. అందుకే పద్మకుమారి ఈ పని అతనికి చెప్పింది.

"నువ్వెళ్లకపోతే వాళ్లెళ్తారు." సందు మొదట్లో లాఠీలతో నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్లని చూపించింది. "కాళ్లూ చేతులూ పట్టుకుని ఎక్కిస్తారు. అది చూడగలవా?"

ఎల్లాజీ రోడ్డు దాటాడు.

అతని తల్లి పోయి పదేళ్లయింది. ఆ పిలుపు నోటికి రావడానికి కొంచెంసేపు పట్టింది.

"అమ్మా... నాను శివాజీని. ఎల్దాం రా."

మరిడమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. సందు మొదట్లో ఉన్న లాఠీల వైపు చూసింది. మళ్లీ అతని వైపు తిరిగింది.

"ఇంకోపాలి పిలు."

"అమ్మా."

చెయ్యి అందించింది. నాలుగేళ్లుగా ఎవరి మాటా వినని మనిషి అతని భుజం మీద బరువేసి కుంటుకుంటూ వచ్చి వ్యాను ఎక్కింది. గణపతిరావు హోటలు మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టాడు.

పద్మకుమారి డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక సీట్లో వాళ్లిద్దరే. పుండు వాసన వ్యానంతా నిండింది. ఎల్లాజీ కిటికీ వైపు జరగలేదు.

"ఏటిలా సిక్కిపోనావు? తిండి తింతన్నావా?" అంది మరిడమ్మ.

"తింతన్నానమ్మా."

"పెళ్లయినాదా?"

"అయినాది. ఇద్దరు ఆడపిల్లలు." అదొక్కటీ నిజమే.

"పేర్లేటి?"

"ఆశ్రిత, విశాలి."

ఆ పేర్లు రెండూ మెల్లగా పైకి అనుకుంది. "బాగా సదివించు," అంది. కాసేపటికి అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎల్లాజీకి చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా కదపలేదు.

భోగాపురం దాటాక మెలకువ వచ్చింది.

"ఇంటికేనా ఎల్తన్నాం?"

ముందు సీట్లోంచి పద్మకుమారి వెనక్కి తిరిగి చూసింది.

"ఇంటికేనమ్మా," అన్నాడు ఎల్లాజీ.

మరిడమ్మ విశాఖ చేరేదాకా అతని చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఆసుపత్రిలో కాగితాల పని గంటలో అయిపోయింది. లోపలికి రోగిని తప్ప ఎవర్నీ రానివ్వరన్నారు. చక్రాల కుర్చీ తెస్తే మరిడమ్మ పేచీ పెట్టకుండా తనే కూర్చుంది. ఆయా కుర్చీని ఇనపగేటు వైపు తిప్పింది.

"బాగా చేశావు. ఒక్క దెబ్బ తగలకుండా తెచ్చాం. ఇక పద," అంది పద్మకుమారి.

ఎల్లాజీ వెనక్కి తిరగలేదు. ఒక్క ఉదుటున వెళ్లి కుర్చీకి అడ్డంగా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నన్ను చమించమ్మా. నాను శివాజీని కాను. ఇది ఇల్లూ కాదు. నీకు అబద్ధం సెప్పి తీసుకొచ్చీసినాను. నీ కొడుకు ఎక్కడున్నా ఎతికి నీ దగ్గరికి తీసుకొత్తాను. ఒట్టు."

మరిడమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. మెడ వంచి, అతనికొక్కడికే వినబడేలా చెప్పింది.

"నాకు కొడుకుల్లేరు బావూ."