పేరు రాయని జవాబు కాగితం

పది రోజులుగా వదలని జ్వరంతోనే టీచరమ్మ స్టాఫ్ రూములో కూర్చుని ఆఖరి పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు. మధ్యాహ్నానికల్లా మార్కులు అప్పగించాలి. చలేసి కిటికీ మూస్తారు, ఉక్కపోసి మళ్ళీ తెరుస్తారు.

"అక్కా, ఆ కట్ట ఇటివ్వండి, నేను దిద్దిపెడతా," అంది చిన్న టీచరు.

"నేనింకా చావలేదమ్మా! నా పిల్లలకు తీర్పు చెప్పాల్సింది నేనే."

తీర్పు చెప్పే కుర్చీ ఎంత జబ్బు మనిషినైనా నిటారుగా కూర్చోబెడుతుంది!

"చూడు, వీడి మొహం మండ! పేరు కూడా రాయలేదు. అక్షరాలేమో సిరాలో పడి లేచిన చీమల్లా ఉన్నాయి. ఒక ప్రశ్నకు జవాబు మొదలెట్టి ఇంకోదానికి ముగించాడు. ఏడాదంతా పుస్తకం ముట్టి ఉండడు, వెధవ!"

ఎర్ర సిరాతో యాభైకి మూడు వేసి, కాగితం చిరిగేలా గుండ్రంగా చుట్టారు.

చిన్న టీచరు కట్ట అందుకుని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"అక్కా, పిల్లలు నలభై మంది. కాగితాలు నలభై ఒకటి ఉన్నాయి."

"అయితే?"

"ఆ మూడు మార్కుల కాగితం... నిన్న మీరు నా ఎదురుగానే కూర్చుని రాసిన జవాబుల నమూనా."

టీచరమ్మ ఆ కాగితం మళ్ళీ మొదటినుంచీ చదివారు. మూడు కూడా ఎక్కువే. పేరుండాల్సిన ఖాళీలో తన పేరు రాసి, ఎర్ర కలానికి మూత పెట్టారు.

"దిద్దినవి కూడా తీసుకుపోమ్మా. అన్నీ మళ్ళీ దిద్దు," అన్నారు. "కాస్త కనికరంతో దిద్దు. వాళ్ళలో ఎవరు జ్వరంతో రాశారో మనకేం తెలుసు?"